పిన్నీసు లేని కాలం

పెదకొలనులో చూడామణి భోజనానికి పిలిస్తే, ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు ముందుగా ఒక ప్రశ్న అడిగేవారు. "ఏ శతాబ్దం భోజనమండీ?" ఈ శతాబ్దానిదైతే సంతోషంగా వెళ్ళి మారు వడ్డించుకుని తినేవారు. పదమూడో శతాబ్దానిదైతే ఇంట్లో నాలుగు ముద్దలు తినేసి మరీ వెళ్ళేవారు. పదమూడో శతాబ్దంలో మన దేశానికి మిరపకాయ రాలేదు. టమాటా రాలేదు. బంగాళాదుంప ఊసే లేదు. చూడామణి భర్త సాంబమూర్తి నెలకో ఆదివారం మిరియాల పులుసులో నువ్వుల పొడి కలుపుకుని, పోర్చుగీసువాళ్ళు ఇంకా ఎందుకు రాలేదా అని వీధి గుమ్మం వైపు చూస్తూ తినేవాడు.

ఇదంతా బొమ్మలతో మొదలైంది. చూడామణి హైస్కూల్లో చరిత్ర చెప్పే రోజుల్లో, కాకతీయుల పాఠం పిల్లల బుర్రకెక్కడం లేదని ఒక చెక్కబొమ్మకు ఆ కాలపు కట్టు కట్టి తరగతిలో చూపించింది. పిల్లల బుర్రకెక్కిందో లేదో గానీ ఆవిడ బుర్రకెక్కి కూర్చుంది. ఆ బొమ్మకు తోడు ఇంకో బొమ్మ, దానికో సైన్యం, సైన్యానికి పెళ్ళాలు, పెళ్ళాలకు చెలికత్తెలు తయారయ్యారు. చేనేత ముక్కలు తెచ్చి, మంజిష్ఠలోనూ కరక్కాయలోనూ నానేసి రంగులు వేసేది. పెరట్లో తీగ మీద వేలెడంత పంచెలూ బెత్తెడంత కోకలూ ఆరుతుంటే, ఆ ఇంట్లో ఎవరికో పురుడొచ్చిందని కొత్తగా వచ్చిన పాలావిడ పొరపడింది.

బొమ్మలకు కట్టింది మనుషులు కట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అలా పాతకట్టు బృందం పుట్టింది. నెలకోసారి లైబ్రరీ హాల్లో పదిమంది ఆడవాళ్ళు గోచీ పోసి కాసెకోకలు కట్టుకుని పదమూడో శతాబ్దంలోకి వెళ్ళి, సాయంత్రం ఆటోల్లో తిరిగొచ్చేవారు. ఆ శతాబ్దంలోకి వెళ్ళడానికి చూడామణి ఒకే ఒక్క షరతు పెట్టింది. పిన్నీసు ఉండకూడదు. పిన్నీసే కాదు, గుండీ, హుక్కు, జిప్పు, కుట్టు, ఏదీ ఉండకూడదు. ఒంటి మీద బట్ట ముడితోనూ దోపుడుతోనూ నిలబడాలి. నిలబడకపోతే అది కట్టినవాళ్ళ చేతకానితనం గానీ శతాబ్దం తప్పు కాదు.

ఒకసారి ఆవిడ ప్రాణస్నేహితురాలు మాలతీలత సేనానాయకుడి భార్య వేషంలో లైబ్రరీ మెట్లు దిగుతుండగా కుచ్చెళ్ళ దగ్గర ఏదో సడలినట్టయింది. మెట్టు మీద కొయ్యబారిపోయింది పాపం.

"చూడామణీ, నీకు పుణ్యముంటుంది, ఒక్క పిన్నీసివ్వవే! నా నల్లపూసలకున్నవి కూడా నువ్వే కదుటే తీయించేశావ్!"

"పన్నెండువందల యాభైలో పిన్నీసు లేదు, మాలతీ. ఊపిరి బిగబట్టుకో."

మాలతీలత ఊపిరి బిగబట్టుకుని మిగిలిన మెట్లన్నీ దిగింది. తర్వాతి నెల సమావేశానికి రాలేదు. స్నేహం చెడలేదు గానీ, ఆ మాట మాత్రం ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

బొమ్మలన్నిట్లోకీ ఘనమైనవి చూడామణివి కావు, వాళ్ళ అత్తగారు వర్ధనమ్మవి. ఎర్రచందనంతో చేసిన రాజారాణీ జంట. ఆవిడ కాపరానికొచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు ఒళ్ళో పెట్టి పంపారు. అప్పటినుంచి ఏటా దసరాకు ఆ ఇంట్లో బొమ్మల కొలువు పెడుతూనే ఉన్నారు, పాడ్యమి నాడు పై మెట్టు మీద రాజారాణీ కూర్చుంటే గానీ దీపం వెలిగించరు. ఆ జంటకు కూడా పన్నెండువందల యాభై నాటి కట్టు కట్టి, నడికట్టు బిగించి, ఆ సంగతంతా చీటీ మీద రాసి కాళ్ళ దగ్గర అంటించింది చూడామణి. వర్ధనమ్మ ఓ పూటంతా ఆ జంటను ఎగాదిగా చూసింది. తర్వాత, "బానే ఉన్నార్లే. కానీ రాజు చొక్కా విప్పేశావేంటే, జలుబు చెయ్యదూ?" అంది.

భాద్రపదం మొదట్లో ఒకరోజు ఊళ్ళోని పురావస్తు ప్రదర్శనశాల అధికారి అనంతశయనం ఆ ఇంటికొచ్చాడు. ఆ సమయానికి రాష్ట్రమంతటా అచ్చతెలుగు ఉధృతంగా ఉంది. ఆఫీసుల్లో పరాయిమాట వినపడకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదట ఇంగ్లీషు పోయింది. తర్వాత ఉరుదూ పోయింది. ఊపు మీద ఉన్నారేమో, సంస్కృతాన్ని కూడా గుమ్మం దాకా సాగనంపారు. ఏ మాటకు బదులు ఏ మాట వాడాలో చెప్పడానికి "మాటల సంచి" అనే పుస్తకం అచ్చేసి ఆఫీసుకొకటి పంచారు. అనంతశయనం అందులో ఎంత మునిగిపోయాడంటే, తన గది ముందు పేరుపలక మీద పేరు చెరిపించి "అంతులేనిపడక" అని రాయించుకున్నాడు.

"మేలు కలుగుగాక, సిగరాయిగారూ!" అన్నాడు గుమ్మంలోనే.

తనను తిట్టాడేమోననుకుంది చూడామణి. అది తన పేరుకే అచ్చతెలుగని తెలిసేసరికి కాఫీ చల్లారిపోయింది.

"మా వింతల కొట్టులో తెలుగు పండుగ చేయుచున్నాము. మీ బొమ్మలను పది నాళ్ళు అరువిచ్చినచో మెట్లు కట్టి కొలువు తీర్చెదము. అందులోను ఆ రాజు, రాణి."

చూడామణి పొంగిపోయింది. సర్కారువారి భవనంలో తన పదమూడో శతాబ్దం! వర్ధనమ్మ మాత్రం ముఖం ముడుచుకుంది.

"పాడ్యమికి నా రాజూ రాణీ పై మెట్టు మీద ఉండాలమ్మాయ్. లేకపోతే ఈ ఇంట్లో దీపం వెలగదు. అరవయ్యేళ్ళుగా ఆగని కొలువిది."

"పాడ్యమికి రెండు వారాల ముందే తెచ్చేస్తాను అత్తయ్యా. నాదీ పూచీ."

పండుగ బ్రహ్మాండంగా జరిగింది. అది అయ్యాక చూడామణి బుట్ట పట్టుకుని ప్రదర్శనశాలకు వెళ్ళింది.

"బొమ్మల్ని తీసుకెళ్దామని వచ్చానండీ."

అనంతశయనం ఉలిక్కిపడ్డాడు. "కొలువులో ఉన్నవారిని ఎటుల తీసుకొనిపోయెదరమ్మా?"

"కొలువైపోయింది కదండీ."

"పండుగ ముగిసినది. కొలువు ముగియలేదు." మాటల సంచి తెరిచి వేలు పెట్టి చూపించాడు. సర్వీసు అన్న మాటకు ఎదురుగా కొలువు అని ఉంది. "ఈ బొమ్మలను కొలువులోనికి తీసుకొనడమైనది అని నేను పైకి వ్రాసితిని. పైవారు చదివిరి. సంతసించిరి. తలకొక అంకె ఇచ్చిరి. ఇప్పుడు వీరు దొరతనమువారి కొలువరులు."

"అయ్యో, అవి నా బొమ్మలండీ! నేను అరువిచ్చాను!"

"అదియే అనుచున్నాను. డెప్యుటేషను అనరాదు, అరువుకొలువు. వీరిని మరల పిలిపించుకొనవలెనన్నచో సొంత శాఖవారు వ్రాయవలెను. మీ ఇల్లు ఏ శాఖ క్రిందికి వచ్చును?"

చూడామణి ఖాళీ బుట్టతో ఇల్లు చేరింది. అత్తగారితో "పాలిష్ పెడుతున్నారత్తయ్యా" అని బొంకింది.

మర్నాడు వెళ్ళేసరికి అక్కడ గొడవగా ఉంది. అటెండరు గవరయ్య దుమ్ము దులుపుతూ కింది మెట్టు మీదున్న చెలికత్తెను తీసి పై మెట్టు మీద పెట్టాడు. మాటల సంచిలో ప్రమోషనుకు మెట్టెక్కింపు అని ఉంది. తమకంటే వెనక చేరిన చెలికత్తెకు ముందుగా మెట్టెక్కింపు ఎలా ఇస్తారని ఆఫీసు గుమాస్తాలందరూ బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ ఆఫీసులో బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చోవడం సమ్మో పనో తెలియక వచ్చిన జనం ఎప్పటిలాగే బెంచీల మీద ఎదురుచూస్తున్నారు. సాయంత్రానికి చెలికత్తెను మళ్ళీ కిందికి దించారు. దించడమంటే శిక్ష కాబట్టి ముందుగా ఆమె సంజాయిషీ అడిగారు. ఆమె ఏమీ చెప్పలేదు. "మర్యాదస్తురాలు" అని రాసుకున్నారు.

చూడామణికి అప్పుడొక ఉపాయం తోచింది. కొలువు ముగిసిందని చెప్పడానికి ఆఖరి రోజు ఒక బొమ్మను పడుకోబెట్టడం ఆనవాయితీ. బొమ్మ పడుకుంటే ఇక ఎత్తేయవచ్చని అర్థం. ఎవరూ చూడకుండా రాజును మెల్లగా పక్కకు పడుకోబెట్టి, "ఇదిగో, చూశారా! కొలువైపోయింది!" అని కేకేసింది.

అనంతశయనం పరుగెత్తుకొచ్చాడు. రాజును చూశాడు. కళ్ళు చెమర్చాయి. "మనవాడే" అన్నాడు.

పగటిపూట ఆ ఆఫీసులో పడుకోవడం వింత కాదు. కానీ కాగితం ఇవ్వకుండా పడుకుంటే అది పడక సెలవు కిందికి, అంటే మెడికల్ లీవు కిందికి వస్తుంది. పడక సెలవు పెట్టినవాణ్ణి సర్కారు డాక్టరు చూడాలి. డాక్టరు వచ్చి రాజు మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు.

"నాడి అందడం లేదు."

"ఎప్పటినుండి?" అన్నాడు అనంతశయనం ఆదుర్దాగా.

"మొదట్నుంచీ లేదండీ, అది చెక్క!" అంది చూడామణి.

డాక్టరు ఆవిడ వైపు చూశాడు, ఆఫీసు వైపు చూశాడు, తన మధ్యాహ్నపు క్లినిక్కు సంగతి తలుచుకున్నాడు. "చలనం లేదు, స్పర్శ లేదు, మాట లేదు. ఆఫీసు పనికి పూర్తిగా యోగ్యుడు" అని రాసిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రాజు దశ తిరిగింది. అనంతశయనం రాజధానికి సమావేశానికి వెళ్ళాల్సి వచ్చింది. తాను లేనప్పుడు ఆఫీసు బాధ్యత ఎవరికి? అందరిలోకీ పెద్దవాడికి. పెద్దవాడెవరు? చీటీలు తిరగేశారు. రాజు కాళ్ళ దగ్గరున్న చీటీలో "క్రీ.శ. పన్నెండువందల యాభై" అని చూడామణి చేతిరాతలోనే ఉంది. అంత పెద్దవాడు ఆ ఆఫీసులోనే కాదు, రాష్ట్రంలో ఏ ఆఫీసులోనూ లేడు. రాజును కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల అందడం లేదని కింద మూడు మాటల సంచులు వేశారు.

అంతే, ఆఫీసు పరుగెత్తింది. కాగితం రాజు ముందు పెట్టేవారు. ఆయన వద్దనేవాడు కాదు. వద్దనలేదంటే ఒప్పుకున్నట్టేనని ముద్ర కొట్టేసేవారు. రేపు రమ్మనడు, ఎల్లుండి రమ్మనడు, కసురుకోడు, భోజనానికి లేవడు. పాత శాసనం నకలు కోసం ఏళ్ళుగా తిరుగుతున్న ఒక పంతులుగారు నకలు చేతికందగానే కుర్చీ ముందు సాష్టాంగపడ్డాడు. రాజధానిలో ఈ వార్త విని శాఖ డైరెక్టరు ముచ్చటపడిపోయాడు. ఆయన్ని అచ్చతెలుగులో దారిచూపరి అనాలి. దారిచూపరిగారు స్వయంగా దిగి, రాజు ముందు నిలబడి, పక్కనున్నవారికి ఇలా సెలవిచ్చారు.

"చూడుడు! ఇట్టి కొలువరి నా కంటికి ఇంతవరకు కానరాలేదు. ఈయన నిలకడ చూడుడు. ఈయన చూపు చూడుడు. ఈయన కట్టు చూడుడు! కొలువుపెద్ద ఏ కట్టులో ఉండునో కొలువంతయు అదే కట్టులో ఉండవలెను. రేపటి నుండి నడుపుదల!"

నడుపుదల అంటే అమలు. అదొక ఉత్తర్వయింది. ప్యాంట్లూ చొక్కాలూ పోయాయి. ఆఫీసు మొత్తం పన్నెండువందల యాభై నాటి కాసెపంచెలు కట్టుకుని, నడికట్టు బిగించి, భుజాన ఉత్తరీయం వేసుకుని రావాలి. కట్టడం ఎవరికీ రాదు. కబురు చూడామణికే వచ్చింది.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నాలుగు రోజులూ చూడామణి కాళ్ళు నేల మీద లేవు. ఇన్నేళ్ళూ పదిమంది ఆడవాళ్ళను బతిమాలి తీసుకెళ్ళిన శతాబ్దంలోకి ఇప్పుడొక సర్కారు ఆఫీసు బిలబిల్లాడుతూ వచ్చేస్తోంది. వరుసగా నిలబెట్టి పంచెలు కట్టించింది. ఎక్కడ మడవాలో, ఎక్కడ దోపాలో బెత్తం పట్టుకుని నేర్పింది. హెడ్డుగుమాస్తా నడికట్టులో తాళంచెవుల గుత్తి కొక్కెం కనిపిస్తే లాగేసింది. క్యాషియరు దొంగచాటుగా పెట్టుకున్న పిన్నీసును రెండు వేళ్ళతో పట్టి అందరికీ చూపించి కిటికీలోంచి విసిరేసింది.

"జారిపోతందండి బాబూ!" అని మొత్తుకున్నాడు గవరయ్య. "కుర్చీలోంచి లేస్తే మానం దక్కదండి!"

"లేవకండి మరి."

లేవడం మానేశారు. అసలే లేచే అలవాటు తక్కువైన ఆఫీసు కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. రాజధాని నుంచి తిరిగొచ్చిన అనంతశయనానికి బొజ్జ ఉంది. పంచె ఎంత బిగించినా బొజ్జ దిగువకు జారేది. ఆయన గాలి పీల్చడం బాగా తగ్గించుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం చూడామణి మురిసిపోతూ ఇంటికొచ్చేసరికి వర్ధనమ్మ కొలువు మెట్లు కట్టించి, తెల్లదుప్పటి పరిపించి, మిగిలిన బొమ్మలన్నీ సర్దేసింది. పై మెట్టు ఖాళీగా ఉంది. ఆవిడ దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"రేపే పాడ్యమి. ఆ ఆఫీసు వాళ్ళందరికీ పంచెలు కట్టావని సాంబడు చెప్పాడు. సంతోషం. నా రాజేడే?"

"అదీ... పాలిష్ ఇంకా..." అని మొదలుపెట్టింది చూడామణి.

"పాలిష్ కాదని నాకు మొదట్నుంచీ తెలుసమ్మాయ్. ఎర్రచందనానికి పాలిషేవిటే! నువ్వే తెస్తావులే అని ఊరుకున్నాను. మా అమ్మ నా ఒళ్ళో పెట్టిన బొమ్మలవి. నాకింక ఎన్ని కొలువులున్నాయో ఏవిటో... ఇదొక్కటీ ఎగ్గొట్టించకే."

చూడామణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది. పదమూడో శతాబ్దం పిచ్చిలో పడి ఈ శతాబ్దంలో ఎదురుగా కూర్చున్న మనిషిని మరిచిపోయాను కదా అనుకుంది. అత్తగారి పక్కన నేల మీద చతికిలబడి జరిగిందంతా చెప్పింది. కొలువు, అరువుకొలువు, పడక సెలవు, పెద్దరికం, అన్నీ చెప్పింది.

వర్ధనమ్మ సాంతం విని బుగ్గ నొక్కుకుంది. "అంత పెద్దవాడైతే ఇంకా ఉద్యోగమేవిటే వాడికి? మీ మావగారిని అరవై నిండీ నిండకుండానే ఇంటికి పంపేశారు కదుటే!"

చూడామణి చటుక్కున లేచి నిలబడింది. అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కోడలు అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టుకోవడం పన్నెండువందల యాభైలో ఉందో లేదో ఆలోచించలేదు.

పాడ్యమి ఉదయం అనంతశయనం గదిలో ఆవిడ ఒకటే ప్రశ్న అడిగింది.

"రాజుగారు ఎప్పుడు పుట్టారండీ?"

"పన్నెండువందల యాభై. మీరే వ్రాసితిరి. మేము ఒప్పుకొంటిమి. దారిచూపరిగారును ఒప్పుకొనిరి."

"మరి ఎప్పుడు రిటైరవ్వాలి?"

"రిటైరు అనరాదు. కొలువుదిగుడు." అలవాటు కొద్దీ దిద్దేసి, ఆ తర్వాత ఆయన ఆగిపోయాడు. వేళ్ళు మడిచాడు. మళ్ళీ మడిచాడు. అరవై రెండుకు దిగిపోవాలి. అంటే రాజు పదమూడువందల పన్నెండులో, ఓరుగల్లు కోట ఇంకా నిలిచి ఉండగానే దిగిపోయి ఉండాలి. ఆయన మొహం పాలిపోయింది. "ఏడువందల ఏండ్లుగా... ఈడు దాటినవానిని కుర్చీలో..."

"మీరే కూర్చోబెట్టారు."

"పొడిగింపు! మంచి కొలువరికి పొడిగింపు ఇవ్వవచ్చును!"

"పొడిగింపు కావాలని ఆయన అడగాలి కదండీ. అడుగుతారేమో చూడండి."

ఇద్దరూ రాజు ఎదురుగా నిలబడి కాసేపు ఎదురుచూశారు. రాజు అడగలేదు. ఆయన అలాంటి మనిషి కాదు. చీటీలో ఉన్న తేదీ తప్పంటే దారిచూపరిగారు మెచ్చుకున్న కట్టు తప్పవుతుంది. కట్టు తప్పైతే ఉత్తర్వు తప్పవుతుంది. ఉత్తర్వు తప్పు కావడం జరగని పని. అందుకని రాజు, రాణి, సైన్యం, సైన్యం పెళ్ళాలు, సంజాయిషీ అడిగించుకున్న చెలికత్తె, అందరూ ఆ పూటే కొలువు దిగిపోవలసి వచ్చింది.

వీడ్కోలు సభ అప్పటికప్పుడు పెట్టారు. రాజుకు వేసిన గజమాలలో రాజు కనిపించకుండా పోయాడు. అనంతశయనం బల్ల పట్టుకుని, లేవకుండానే మాట్లాడాడు. "ఏనాడును సెలవు అడగలేదు. ఎదురు చెప్పలేదు. ఎవరిమీదను పైకి వ్రాయలేదు. ఇట్టివారు మరల పుట్టరు." తర్వాత రాజును రెండు మాటలు చెప్పమన్నారు. సభ నిశ్శబ్దంగా విన్నది. ఇంత క్లుప్తంగా, ఇంత హుందాగా మాట్లాడిన వీడ్కోలు ఆ భవనంలో ఎప్పుడూ జరగలేదని గుమాస్తాలందరూ ఒప్పుకున్నారు.

కొలువు దిగినవారిని ఆఫీసు జీపులో ఇంటి దాకా దిగబెట్టడం మర్యాద. జీపుకు అరటి మొక్కలు కట్టారు. ముందు సీట్లో అనంతశయనం రాజునూ రాణినీ చెరో చేత్తో గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. వెనక బుట్టల్లో సైన్యం. బాజాలు మోగుతుంటే ఊరేగింపు మెయిన్‌రోడ్డంతా తిరిగి, సందెవేళకు చూడామణి ఇంటి ముందు ఆగింది.

లోపల పేరంటాళ్ళు అప్పటికే రావడం మొదలుపెట్టారు. ఖాళీ పై మెట్టు వైపు చూసి ఏమీ అడగలేక పసుపు రాయించుకుంటున్నారు. వర్ధనమ్మ అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని, వెలిగించని దీపం ముందు కూర్చుంది. ఇంతలో "వచ్చేశారు అత్తయ్యా!" అని చూడామణి అరిచిన అరుపు వీధి చివరికి వినిపించింది.

అనంతశయనం స్వయంగా నడిచి వచ్చి, జంటను పై మెట్టు మీద కూర్చోబెట్టాడు. వర్ధనమ్మ రాజు గడ్డం పుణికి, "చిక్కిపోయాడు" అంది. దీపం వెలిగించింది. ఆవిడ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి చూడామణికి కడుపు నిండిపోయింది.

అనంతశయనం ఇక వెళ్ళిపోవచ్చు. కానీ పై మెట్టు అందుకోవడానికి చేతులు బాగా పైకెత్తాడు. ఎత్తినప్పుడు బొజ్జ లోపలికి పోయింది. పంచె ఆ సందు చూసుకుని కిందికి బయలుదేరింది. ఆయన గభాలున మెట్ల పక్కనున్న పీట మీద కూలబడి, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, కళ్ళు కూడా ఆర్పకుండా బిగుసుకుపోయాడు. అదే సమయానికి ఇంకో గుంపు పేరంటాళ్ళు లోపలికొచ్చారు.

"అబ్బ, ఈ ఏడు మనిషంత బొమ్మ పెట్టారు! నడికట్టూ అదీ ఎంత బావుందో!"

"చెమట కూడా పట్టించారే తల్లీ!"

ఒకావిడ వేలితో బొజ్జ మీద పొడిచి చూసింది. "లోపల దూది కూరారు కాబోలు" అంది.

"మాది కాదమ్మా, సర్కారుది" అంది వర్ధనమ్మ శనగలు పంచుతూ. "అరువిచ్చారు. ఎప్పుడు తీసుకెళ్తారో మరి. వాళ్ళే శాఖో కనుక్కోవాలి."

చూడామణి దగ్గరికెళ్ళి చెవి ఒగ్గింది. అనంతశయనం పెదాలు కదపకుండా ఏదో అంటున్నాడు. ఎన్నో నెలలుగా, దిద్దడానికి తప్ప, ఆ నోట్లోంచి ఇంగ్లీషు మాట ఒక్కటీ రాలేదు. అచ్చతెలుగు కోసం వెతుక్కున్నాడు. మాటల సంచి మొత్తం మనసులో తిరగేశాడు. అందులో లేదు. చివరికి ఆ మహానుభావుడు చేతులెత్తేశాడు.

"పిన్నీసు" అన్నాడు. "అమ్మా, చూడామణిగారూ, ప్లీజ్! ఒక్క పిన్నీసు!"

చూడామణి అటూ ఇటూ చూసింది. పన్నెండువందల యాభైని తలుచుకుంది. ఆ మనిషి కళ్ళల్లోకి చూసింది. పేరంటం కోసం ఆవిడ కూడా కాసెకోకలోనే ఉంది. గోడ వైపు తిరిగి, తన నడుము దగ్గర మడతలోపలి మడతలోకి చెయ్యి పోనిచ్చి, ఇత్తడి పిన్నీసు ఒకటి తీసి ఆయన గుప్పిట్లో పెట్టింది. పాతకట్టు బృందం పుట్టిన రోజు నుంచీ అది అక్కడే ఉంది.

అనంతశయనం పిన్నీసు పెట్టుకుని లేచి నిలబడ్డాడు. బొమ్మ లేచిందని పేరంటాళ్ళు కెవ్వుమన్నారు. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, "థాంక్సండీ, వెరీ సారీ అండీ" అంటూ జీపు దాకా పరుగెత్తాడు.

ఆ హడావిడిలో చూడామణి కుచ్చెళ్ళు సడలాయి. రెండు చేతులతో నడుము పట్టుకుని, గోడకు ఆనుకుని, కదలకుండా నిలబడిపోయింది. ఎదురుగా చేతిలో శనగల పొట్లంతో మాలతీలత ఉంది. గుప్పిట్లోకి వెళ్ళిన పిన్నీసును ఆవిడ చూసింది. అది వచ్చిన చోటునూ చూసింది. ఆవిడ నల్లపూసలకు ఇప్పుడు పిన్నీసుల గుత్తి మిలమిల మెరుస్తోంది.

"మాలతీ..." అంది చూడామణి, ఆ గుత్తి వైపు చూస్తూ.

మాలతీలత తీరిగ్గా ఒక శనగగింజ నోట్లో వేసుకుని నమిలింది.

"ఊపిరి బిగబట్టుకో, చూడామణీ."